కాపురం విడినప్పుడు ఖర్చు ఎవరిది?

పెళ్ళి ఖర్చుల సంగతి మన ఇళ్ళల్లో ఎన్నడూ దాపరికంగా జరగదు. పందిరి ఎవరిది, భోజనాలు ఎవరివి, బస్సు ఎవరు మాట్లాడుకోవాలి, ఆడబిడ్డ లాంఛనం ఎంత, ఇవన్నీ పెద్దమనుషుల యెదుట, తాంబూలాలు పుచ్చుకోకముందే తేలిపోతాయి. అదే కాపురం నిలవక రెండు ముక్కలైనప్పుడు ఖర్చు మాట ఎత్తడమే తప్పన్నట్టు వుంటుంది. పిల్ల పుట్టింటి గడపలో కూర్చుని కన్నీళ్ళు పెట్టుకుంటూ వుంటే డబ్బు లెక్కలేమిటని పెద్దలు కసురుకుంటారు. ఆరు నెలలు గడిచాక చూస్తే మనుమరాలి చదువు, మందులు, వకీలు ఫీజు, గడ్చిరోలి ప్రయాణాలు, అన్నీ ఆ పుట్టింటి నెత్తినే పడివుంటాయి. ఆ మౌనం వల్ల లాభపడినది ఎవరో చెప్పనక్కర లేదు.

తెగతెంపులు చేసుకోమని మేము ఎవరికీ సలహా చెప్పబోవడం లేదు. తెగిపోక తప్పనప్పుడు ఇంటి ఖర్చూ కోర్టు ఖర్చూ ఏ విధంగా పంచుకోవాలని చట్టం అంటున్నదో, అది రేగుంట వంటి వూళ్ళో ఉన్నవారికి ఎంతవరకు అందుతుందో, అంతవరకే మా మాట.

రేగుంట అని ప్రత్యేకంగా ఎందుకు అంటున్నామంటే, సిరొంచ తాలూకాలోని మనవారి చిక్కు తక్కిన తెలుగువారి చిక్కు వంటిది కాదు. ఇంట్లో మాట తెలుగు, కోర్టులో కాగితం మరాఠీ, పొరుగున మాడియా గోండుల మాట వేరు. పిల్లను ఇచ్చేది గోదావరి అవతల తెలంగాణలోను, తెచ్చుకునేది ప్రాణహిత అవతలి గ్రామాలనుంచీను. సరిహద్దులు మాత్రం మనల్ని అడగకుండానే మారుతూ వచ్చాయి. 1860 లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువారికి ఇచ్చినప్పుడు ఎగువ గోదావరి జిల్లా ఏర్పడి, సిరొంచ దానికి ముఖ్యపట్టణమయింది. 1874 లో ఆ జిల్లా విడిపోయి సిరొంచ చాందా జిల్లాలో కలిసింది. 1956 లో మధ్యప్రదేశం నుంచి బొంబాయి రాష్ట్రానికి, 1960 లో మహారాష్ట్రకు, 1982 ఆగస్టు 26 న కొత్తగా ఏర్పడిన గడ్చిరోలి జిల్లాకు మారాము.

ఈ మార్పులు కాపురాల మీద కూడా పనిచేశాయి. మద్రాసు రాష్ట్రంవారు 1949 లోనే హిందువులకు విడాకుల చట్టం తెచ్చారు. బొంబాయివారు అంతకు రెండేళ్ళు ముందే, 1947 లో తెచ్చారు. మధ్యపరగణాలలో వున్న సిరొంచకు ఆ రెండూ వర్తించలేదు. 1946 చట్టం ప్రకారం భార్య వేరుగా వుండి భరణం అడగవచ్చు, అంతే. కులాచారం ఒప్పుకుంటే తప్ప ముడి మాత్రం విడదు. 1955 మే 18 న హిందూ వివాహ చట్టం వచ్చేదాకా రాజమహేంద్రవరంలో వున్న చెల్లెలికి వున్న హక్కు సిరొంచలో వున్న అక్కకు లేకపోయింది. ఇప్పుడు ఆ తేడా లేదు. 

ఆ 1955 చట్టంలో 24 వ సెక్షను అని ఒకటి వున్నది. మనవారిలో నూటికి తొంభైమంది దాని పేరు వినివుండరని మా అనుమానం. విడాకుల కేసు నడుస్తూ వున్నంతకాలం, తనకు చాలినంత స్వంత ఆదాయం లేని పక్షానికి రెండో పక్షంవారు రెండు రకాల డబ్బు ఇవ్వాలని కోర్టు ఉత్తరువు చేయవచ్చు. ఒకటి నెలనెలా తిండి ఖర్చు. రెండవది ఆ కేసు నడుపుకోవడానికి అయ్యే ఖర్చు. రెండో మాట గమనించండి. మామూలు సివిలు దావాలో ఖర్చులు చివర తేలుతాయి. ఓడినవాడు గెలిచినవాడికి ఇస్తాడు, విడాకుల తీర్పుల్లోనయితే చాలాసార్లు “ఎవరి ఖర్చులు వారివే” అని ఒక్క ముక్కతో ముగుస్తుంది. ఇక్కడ అట్లా కాదు. గెలుపోటములతో నిమిత్తం లేకుండా, కేసు మధ్యలోనే, చేతిలో డబ్బు లేనివారు వట్టి చేతులతో వాదించవలసిన అవస్థ పడకుండా ముందుగా ఇప్పిస్తారు. కేసు వేసింది భర్తే అయినా భార్య అడగవచ్చు. భార్య ఉద్యోగస్తురాలై భర్తకు ఆదాయం లేకపోతే అతనూ అడగవచ్చు. చట్టంలో భార్య, భర్త అని ఇద్దరి పేర్లూ వున్నాయి.

ఈ ఏర్పాటుకు మూలం ఇంగ్లండులో వున్నది. అక్కడ ఒకప్పుడు పెళ్ళి కాగానే భార్య సొమ్మంతా భర్తదయిపోయేది. సొమ్మంతా తన దగ్గర పెట్టుకున్నవాడు ఆమె వకీలుకు కూడా తానే ఇవ్వాలన్నది అప్పటి న్యాయం. 1882 చట్టంతో అక్కడి భార్యల సొమ్ము భార్యలకే దక్కింది గాని, ఆ న్యాయం మాత్రం నిలిచింది. మన దేశంలో క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో, కేసు సాగుతున్నప్పుడు ఇచ్చే భరణం భర్త నికరాదాయంలో ఐదోవంతు మించరాదని ఒక హద్దు వుండేది. 2001 లో దాన్ని ఎత్తివేశారు. అదే సంవత్సరం, ఇట్లాంటి దరఖాస్తులను సాధ్యమైనంతవరకు నోటీసు అందిన 60 రోజులలో తేల్చాలని కూడా చేర్చారు. అరవై రోజులూ అరవై రోజులుగానే వుంటాయా అని అడగకండి. ఆ మాట చట్టంలో వుండబట్టి వకీలు నిలబడి గుర్తుచేయగలడు, అదీ లాభమే.

ఖర్చు అంటే వకీలు ఫీజు ఒక్కటే అనుకోవడం పొరపాటు. ఒక లెక్క వేసి చూద్దాము. ఇందులోని మనుషులు ఊహించుకున్నవారే. భర్త అహేరి వైపు లారీ నడుపుతాడు, చేతికి నెలకు 28,000 రూపాయలు వస్తాయి. భార్య రేగుంటలో పుట్టింట వుండి బట్టలు కుట్టి 5,000 తెచ్చుకుంటుంది. తొమ్మిదేళ్ళ కూతురు తల్లి దగ్గరే వున్నది. సిరొంచనుంచి గడ్చిరోలి 200 కిలోమీటర్లు పైచిలుకు. వానాకాలంలో ఆ రోడ్డు సంగతి మన పాఠకులకు చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే అవుతుంది. పేషీ గడ్చిరోలిలో పడితే పొద్దున పదకొండు గంటలకు అక్కడ వుండాలంటే ముందురోజే బయలుదేరాలి. ఒంటరిగా పంపరు, తోడు అన్నో తండ్రో వెళతాడు. ఇద్దరి బస్సు చార్జీలు, ఒక రాత్రి బస, రెండు రోజుల భోజనం, పోయిన కుట్టు కూలి కలిపి ఒక్క పేషీకి 2,500 అనుకుందాం. పది పేషీలకు 25,000. వకీలు కన్నా దారి ఖరీదయిపోయింది! ఈ మొత్తాన్ని 24 వ సెక్షను కింద అడగవచ్చు. కాని బస్సు టిక్కెట్టు పారేసుకున్నవారు అడగలేరు. పేషీకి వెళ్ళిన ప్రతిసారీ టిక్కెట్టు, బస రసీదు, వకీలు ఇచ్చిన రసీదు ఒక కవరులో వేసి పైన తేదీ రాసిపెట్టుకుంటే చాలు.

ఇక నెలసరి భరణం ఎంత? ఇంత అని చట్టంలో అంకె లేదు. 2017 లో సుప్రీంకోర్టు ఒక కేసులో భర్త నికర జీతంలో నాలుగో వంతు న్యాయంగా వుంటుందన్నది. దాని ప్రకారం పై లారీ డ్రైవరు భార్యకు 7,000. అయితే అది గీటురాయి కాదు, ఒక కొలమానం మాత్రమే. ఆమె కుట్టుపని చేస్తున్నది కనుక ఏమీ ఇవ్వనక్కర లేదనే వాదం కోర్టులలో చెల్లడం లేదు. భర్త ఇంట వున్నప్పటి స్థాయిలో బతకడానికి ఆ సంపాదన చాలుతుందా లేదా అన్నది చూస్తారు. బిడ్డ ఖర్చు వేరే లెక్క. 1956 నాటి దత్తత, మనువర్తి చట్టం ప్రకారం బిడ్డను పోషించవలసిన బాధ్యత తండ్రికీ వున్నది, తల్లికీ వున్నది. ఆ చట్టం పెళ్ళికాని కూతురి పోషణలో ఆమె పెళ్ళికయ్యే సమంజసమైన ఖర్చును కూడా కలిపింది. రాజీ కాగితం రాసుకునేటప్పుడు ఈ సంగతి మనవారికి గుర్తు రాదు. పదేళ్ళ తరవాత పిల్ల పెళ్ళికి వచ్చినప్పుడు గుర్తు వస్తుంది, అప్పటికి కాగితం మీద సిరా ఎండిపోయివుంటుంది.

ఈ విషయంలో మన ప్రాంతానికి సంబంధించినదే ఒక కేసు దేశానికంతటికీ దారి చూపింది. నాగపూరు కుటుంబ న్యాయస్థానం ఒక భార్యకు నెలకు 15,000 రూపాయలు, కొడుక్కు మొదట 5,000, తరవాత 10,000 మధ్యంతర భరణం ఇప్పించింది. భర్త నాగపూరు హైకోర్టు బెంచికి వెళ్ళాడు, 2018 లో అక్కడా ఓడిపోయాడు. సుప్రీంకోర్టుకు వెళితే, రజనీష్, నేహాల కేసుగా ప్రసిద్ధమైన ఆ తీర్పు 2020 నవంబరు 4 న వచ్చింది. 2013 లో మొదలైన మధ్యంతర భరణం ఏడేళ్ళు కోర్టుల మెట్లు ఎక్కింది గదా అని విసుగెత్తిన న్యాయమూర్తులు అందరికీ కలిపి నియమాలు పెట్టారు. ఇకమీదట భార్యాభర్తలిద్దరూ తమ ఆస్తులూ అప్పులూ ఆదాయమూ నెల ఖర్చులూ ప్రమాణ పత్రం మీద రాసి దాఖలు చేయాలి. భరణం దరఖాస్తు పెట్టిన తేదీనుంచి లెక్క కట్టాలి. ఒక చట్టం కింద ఇప్పటికే డబ్బు వస్తూ వుంటే ఆ సంగతి రెండో కోర్టులో దాచకూడదు, దాన్ని సరిచూసి కలుపుతారు.

ఆ తీర్పుకు జతచేసిన నమూనాలలో ఒకటి ప్రత్యేకించి వ్యవసాయదారులది. మేము ఈ వ్యాసానికి పూనుకోవడానికి అదే ముఖ్య కారణం. మనవారిలో జీతగాళ్ళు తక్కువ. “నాకు జీతమెక్కడిది? వాన పడితే పంట, లేకపోతే లేదు” అంటే ఎదటి పక్షం నోరు మూతపడే రోజులుండేవి. ఇప్పుడు భూమి ఎంత, ఎక్కడ, తరియా మెట్టా, ఏ పంట, పశువులెన్ని, అప్పెంత అన్నీ రాయాలి. మన తలాఠీ ఇచ్చే సాత్‌బారా ఉతారా దానికి ఆధారం. పత్తి అమ్మిన పట్టీ, మిరప కల్లం లెక్క, మే నెలలో తునికాకు కోత డబ్బు జమ అయిన బ్యాంకు పుస్తకం కూడా పనికివస్తాయి. అబద్ధం రాస్తే అది అబద్ధపు ప్రమాణమే అవుతుంది. ఈ నియమం భార్యకూ వర్తిస్తుందని మరవకూడదు. బచత్ గట్‌లో వున్న పొదుపూ, పుట్టింటివారు ఆమె పేర పెట్టిన ఎకరమూ ఆమె కూడా రాయాలి.

సామాను సంగతికి వస్తే మన ఇళ్ళల్లో గొడవ సగం అక్కడే. భార్యకు పుట్టింటివారూ అత్తింటివారూ ఇచ్చిన నగలు, బట్టలు, పాత్రలు స్త్రీధనం, అనగా ఆమె సొంతం. భర్త ఇంట వున్నంతమాత్రాన అవి అతనివి కావు, ఆమె తరఫున దాచివుంచినవాడే అతడు అని సుప్రీంకోర్టు 1985 లో ప్రతిభారాణి కేసులో తేల్చిచెప్పింది. పెళ్ళి సమయంలో ఇద్దరికీ కలిపి ఇచ్చిన వస్తువులను విడాకుల తీర్పులోనే పంచడానికి 27 వ సెక్షను వున్నది. బీరువా ఎవరిది, మంచం ఎవరిది అన్న తగవు దాని కిందికి వస్తుంది. అయితే విందుకు, బాజా భజంత్రీలకు, పందిరికి పెట్టిన డబ్బును వాపసు ఇప్పించే సెక్షను విడాకుల చట్టంలో ఏదీ లేదు. తిన్నది తిన్నట్టే. కట్నం తీసుకోవడం 1961 నుంచీ నేరం. తీసుకున్నది భార్యకే చెందాలని, మూడు నెలలలోగా ఆమెకు అప్పగించాలని ఆ చట్టం ఆరో సెక్షనులో వున్నది. 1985 నాటి నియమాల ప్రకారం పెళ్ళినాడు వచ్చిన కానుకలకు జాబితా రాసి సంతకాలు చేయించి వుంచుకోవాలి. ఈ జాబితా రాసిన పెళ్ళి మన వైపు మాకు తెలిసి ఒక్కటీ లేదు. కట్నాలు చదివించేటప్పుడు రాసే పుస్తకంలోనే ఇంకో రెండు పేజీలు కేటాయించి సంతకం పెట్టించుకుంటే ఎవరు కాదంటారు?

అప్పుల విషయంలో చాలామంది మోసపోతారు. ఇద్దరి పేరా తీసుకున్న ఇంటి అప్పు విడాకుల తీర్పుతో విడిపోదు. బ్యాంకుకు ఇద్దరూ బాకీదారులే. భర్త కడతానని రాజీలో రాసి కట్టకపోతే బ్యాంకువారు భార్య మీదికి కూడా వస్తారు. అందుచేత రాజీకి ముందే అప్పు ఒకరి పేరికి మార్పించుకోవడమో, ఇల్లు అమ్మి తీర్చడమో చేయాలి. ఆమె పేర బచత్ గట్‌లో తీసి అతని మిరప చేనుకు పెట్టిన అప్పు గూడా ఇటువంటిదే. గట్టులో సంతకం ఆమెది, డబ్బు చేనులో కలిసింది. దాన్ని రాజీలో పేరు పెట్టి, మొత్తం వేసి, ఎవరు ఏ తేదీకి తీరుస్తారో రాయకపోతే వారంవారం గట్ సమావేశంలో తలదించుకునేది ఆమే.

పెళ్ళి తరువాత సంపాదించిన ఆస్తిలో భార్యకు సగం హక్కు వుండదా అని అడుగుతారు. గోవాలో పోర్చుగీసువారి నాటి నుంచి అట్లాంటి పద్ధతి వున్నది. మన పిల్లలు వెళ్ళి స్థిరపడిన కాలిఫోర్నియాలో కూడా కాపురంలో సంపాదించినది సాధారణంగా చెరిసగం. వకీలు ఖర్చులు కూడా ఎవరి శక్తి ఎంత అని చూసి ఒకరి చేత రెండోవారికి ఇప్పిస్తారు. మన దేశంలో తక్కినచోట్ల అట్లాంటి చట్టం లేదు. భర్త ఆస్తిలో వాటా ఇప్పించాలని తెచ్చిన బిల్లు 2013 ఆగస్టులో రాజ్యసభ దాటింది గాని లోక్‌సభలో నెగ్గక మురిగిపోయింది. కనుక ఇక్కడ వున్నది 25 వ సెక్షను కింద శాశ్వత భరణమే. ఒక్కసారిగా గాని నెలనెలా గాని ఇప్పిస్తారు, అవసరమైతే ఎదటివారి భూమి మీద బాధ్యతగా రాయిస్తారు. భూమి వున్నవాడి విషయంలో ఆ చివరి మాట అడగడం మరవవద్దని మేము గట్టిగా చెబుతాము.

ఇంతకూ మనవారు మొదట వెళ్ళేది కోర్టుకు కాదు, కులపెద్దల దగ్గరకు. అందులో తప్పు లేదు. కులాచారం ప్రకారం జరిగే విడాకులను 1955 చట్టం 29 వ సెక్షను కాదనలేదు. షెడ్యూల్డు తెగలకు ఆ చట్టమే వర్తించదు, గోండుల తెగతెంపులు వారి ఆచారం ప్రకారమే. కాని మనలో ఫలానా కులంలో ఫలానా ఆచారం వున్నదని కోర్టులో రుజువు చేసుకోవలసిన భారం దాన్ని చెప్పుకునేవారిదే. పదిమంది వేలిముద్రలున్న తెలుగు కాగితం ఒక్కటే చాలదు, పైగా దానికి మరాఠీ అనువాదం చేయించే ఖర్చు ఒకటి. పెద్దల ముందు కుదిరిన మాటనే పరస్పర సమ్మతి విడాకులుగా, 1976 లో చేర్చిన 13 బి సెక్షను కింద, కోర్టులో పెడితే పదికాలాలు నిలుస్తుంది. ఒక ఏడాది వేరుగా వుండివుండాలి, దరఖాస్తు తరవాత ఆరునెలల గడువు. తగిన కారణం వుంటే ఆ గడువును కోర్టు తగ్గించవచ్చునని 2017 లో సుప్రీంకోర్టు అన్నది. భరణమూ సామానూ అప్పులూ అన్నీ ఆ కాగితంలోనే రాసుకోవచ్చు, ఖర్చూ తక్కువ. పెద్దలు తప్పు కట్టమనడం, కట్టకపోతే వెలివేస్తామనడం మాత్రం ఇక కుదరదు. 2017 జూలై నుంచి మహారాష్ట్రలో సాంఘిక బహిష్కారం నేరం. మూడేళ్ళదాకా జైలు, లక్ష రూపాయలదాకా జరిమానా.

వకీలుకు ఇచ్చుకోలేనివారి మాట చెప్పాలి. మన రాజమహేంద్రవరంలో 1909 లో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు స్వయంగా వకీలు. 1953 లో చైనా వెళ్ళి అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూసి, కాపురాల తగవులు మామూలు కోర్టుల పద్ధతిలో నడవకూడదని ఇక్కడ పెద్దలందరితోను వాదించారు. ఆమె పోయిన మూడేళ్ళకు, 1984 లో, కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది. నాగపూరులో అట్లాంటి కోర్టు వున్నది గాని రేగుంటవారికి అది ఆమడల దూరం. దగ్గర వున్నవి వేరు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీ ఎవరైనా సరే, ఆదాయంతో పని లేకుండా, ఉచితంగా వకీలును పొందవచ్చు. తాలూకా న్యాయసేవా సమితికి దరఖాస్తు పెట్టుకోవాలి, లేదా 15100 కు ఫోను చేయాలి. షెడ్యూల్డు కులాల, తెగల పురుషులకు కూడా ఈ సాయం వున్నది. భరణం, విడాకుల కేసులు వేసే స్త్రీలకు కోర్టు ఫీజు మినహాయిస్తూ మహారాష్ట్ర ప్రభుత్వం 1994 అక్టోబరు 1 న ఉత్తరువు చేసింది. ఈ రెండూ అడిగితేనే దొరుకుతాయి. అడగనివారికి ఎవరూ పిలిచి చెప్పరు.

విడాకులు అక్కరలేదు, భరణం చాలు అనుకునేవారు గడ్చిరోలి దాకా పోనవసరం లేదు. వెనకటి 125 వ సెక్షను స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 144 వ సెక్షను వచ్చింది. దాని కింద తాను వుంటున్న ప్రాంతపు మొదటి తరగతి మేజిస్ట్రేటు దగ్గర భార్య దరఖాస్తు పెట్టుకోవచ్చు. భర్త గోదావరి అవతల తెలంగాణలో వున్నా సరే, అతనికి ఇక్కడికే నోటీసు వెళుతుంది. విడాకుల దరఖాస్తు కూడా భార్య తాను వుంటున్నచోటి కోర్టులోనే వేసుకునే వీలు 2003 లో కల్పించారు. ఈ కేసులోనూ మధ్యంతర భరణంతో పాటు కేసు ఖర్చులు ఇప్పించమని అడగవచ్చు. ఉత్తరువు అయ్యాక డబ్బు రాకపోతే అదే మేజిస్ట్రేటు దగ్గర వసూలుకు మళ్ళీ దరఖాస్తు పెట్టాలి. బాకీ పడిన ఒక్కొక్క నెలకు నెలదాకా జైలు వేసే అధికారం ఆయనకున్నది. అయితే ఆ బాకీ ఇవ్వవలసిన తేదీనుంచి ఏడాదిలోగా అడగాలి. ఈ నెల అడగకుండా, వచ్చే నెల చూద్దామంటూ ఏడాది దాటనిస్తే ఆ దారిన ఆ పాత నెలల బాకీ వసూలు కాదు. కనుక ఉత్తరువు నకలు వెనకవైపునే నెలనెలా వచ్చిన తేదీ, రాని తేదీ రాసిపెట్టుకుని, మూడు నెలలు వరసగా రాకపోతే నాలుగో నెలలో మేజిస్ట్రేటు కోర్టు గుమాస్తాను కలవాలి.